వెనక నడిచే మనిషి

నెలలో రెండో ఆదివారం, తొమ్మిదిన్నర.
మూతబడ్డ ఉన్ని మార్కెట్ వెనక కార్లు ఆపుకుంటాం.
బూట్లు మార్చుకోవడానికి డిక్కీ అంచున కూర్చున్నంతసేపూ
అందరం బడిపిల్లలమే.

ముందు ఎమ్రిస్ నడుస్తాడు.
మెడలో ప్లాస్టిక్ సంచి, అందులో మ్యాపు.
ఇరవై ఏళ్లుగా దాన్ని విప్పి చూసింది లేదు.
చివర నేను.
చివరి మనిషికి రెండే పనులు:
గేటు మూయడం, తలలు లెక్కపెట్టడం.

రెండో పని కరాడోగ్ పుణ్యం.
మూడేళ్ల కిందట, భోజనాలైన రాతిగోడ పక్కన
టోపీ మొహం మీదికి లాక్కుని అతను కునుకు తీస్తే
కబుర్ల ధ్యాసలో మేం కొండ దిగేశాం.
పబ్బులో ముందే చెప్పుంచిన పదకొండు పళ్లేలు బల్ల మీదికొచ్చాక
ఒక పళ్లెం మిగిలింది.
అప్పుడు తెలిసింది, మనిషి తక్కువని.
టార్చీలు పట్టుకుని ఎక్కుతుంటే ఎదురుగా అతనే,
ఎవరిదో కుక్కను వెంటేసుకుని:
"చల్లారిపోయిందా నా కూర?"

వెనక నుంచి చూస్తే మనుషులు వేరు.
హెఫిన్ కుడిభుజం ఎడమదానికంటే అంగుళం దిగువ,
నలభై ఏళ్లు ఉత్తరాల సంచి వేలాడిన చోటు.
మైర్ సంచికి కట్టిన పసుపు ఏనుగుబొమ్మ
ఎక్కేటప్పుడు అటూ ఇటూ, దిగేటప్పుడు పైకీ కిందికీ.
గ్వెన్‌లియన్ మోకాలు నొప్పి లేదనే అంటుంది.
ఆమె కర్ర మాత్రం
అడుగడుక్కీ ఉంది, ఉంది, ఉంది అంటుంది.

గాలి నాకేసి వీస్తే మాటలు ముక్కలుగా వస్తాయి.
"...ట్రాక్టరు అమ్మేశాక..."
"...ఎవరికీ చెప్పకుండా పెళ్లి..."
"...ఉప్పు తక్కువైతే మాత్రం..."
అతుకులు వేసుకుంటూ నడుస్తాను.
ఒక్కోసారి ఒకరి పెళ్లికి
ఇంకొకరి ట్రాక్టరు అతుక్కుంటుంది.

చెప్పుకోవాల్సింది ఉన్నవాళ్లు లేసు ఊడిందంటూ ఆగుతారు.
ఊడని లేసు ఊడదీసి, మళ్లీ కట్టి, నా పక్కన చేరతారు.
ఇద్దరి చూపూ దారి మీదే కదా,
మాట తేలిగ్గా బయటికొస్తుంది.
విన్నదాన్ని ఏదో ఒక గేటు అవతల వదిలేసి
గొళ్లెం పెడతాను.

ఈ నెల నెరిస్ అనే కొత్తమ్మాయి వచ్చింది.
అమ్మాయంటే యాభై రెండు. మా గుంపులో అది పసితనం.
మగవాళ్ల సైజు బూట్లు, రెండు జతల మేజోళ్లు తొడిగినా
మడమల దగ్గర లొటలొట.
అరువు తెచ్చుకుందేమో అనుకున్నాను.
మొదటి మైల్లోనే మూడుసార్లు లేసు కట్టుకుంది.

నేనేమీ అడగలేదు.
సగం పొలంలో తుంపర మొదలైంది.
మా వేల్స్ వాన పక్కనుంచి వస్తుంది, గొడుగుకి దొరకదు.
గొర్రెలు మమ్మల్ని చూసి, లేద్దామా అని ఆలోచించి,
వద్దనుకున్నాయి.
ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చాను.
తాగి, "మూడు చెంచాల చక్కెర వేసుకునేవాడు" అంది.
ఎవరని అడగకుండా బూట్ల వైపు చూశాను.
అంతే.
తర్వాత మూడు పొలాలు, ఒక వాగు, మాటల్లేవు.

కొండ కొన మీద ఏమీ కనపడలేదు. మబ్బు.
అయినా ఎమ్రిస్ చెయ్యి చాపి
అదుగో సముద్రం, అదుగో పాత పలకరాతి గని అంటూ
ఆ తెల్లదనాన్నంతా చూపించాడు.
మర్యాదగా తలలూపాం.
మైర్ ఎండుద్రాక్షల రొట్టె పంచింది,
వెన్న మందంగా, మీద నాలుగు చినుకులు.

దిగేటప్పుడు ఆఖరి గేటు దగ్గర
నెరిస్ నాకంటే వెనక ఆగిపోయి గొలుసు తనే తగిలించింది.
రెండుసార్లు లాగి చూసింది.
కింద నుంచి ఎమ్రిస్ కేక: "ఎంతమంది?"
వేలితో ఎంచి "పన్నెండు" అన్నాను.
కరాడోగ్ ఒళ్లు తడుముకున్నాడు, తాను ఉన్నాడో లేడో అని.
"పదమూడు" అంది వెనక నుంచి నెరిస్.
"ఆవిడ ఆవిణ్ని లెక్కేసుకోలేదు."

ఇన్నేళ్లలో నా వీపు చూసినవాళ్లు లేరు.
ఎలా ఉందో అడుగుదామని తిరిగాను.
ఆమె వంగి ఉంది. ఈసారి లేసు
నిజంగానే ఊడింది.